ఫాంటసీ ఆర్పీజీల్లో ప్రేమ, సహచర బంధాలు

ఆర్పీజీలుగా పిలిచే రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో ఆటగాడు నడిపే నాయక పాత్ర వెంట కొందరు సహచరులు తిరుగుతారు. పోరాడతారు, వాదిస్తారు, రాత్రి బసలో కబుర్లు చెబుతారు. వారిలో ఒకరితో స్నేహం ప్రేమగానో పెళ్లిగానో మారేలా రాసిన కథాశాఖను గేమర్లు రొమాన్స్ అంటారు. చాలా ఆటల్లో దాన్ని ముట్టుకోకుండానే ఆట ముగించవచ్చు. మొదటి నుంచీ ఈ కథల్ని నడిపించిన ప్రశ్న ఒకటుంది: ఆ సహచరుడికి సొంత మనసు ఉన్నట్టు రాశారా, లేక సరైన జవాబు చెప్పినవారికి దక్కే బహుమతిగా రాశారా?

తొలి అడుగులు

జపాన్ ఆటల్లో ఈ ఎంపిక వంశవృక్షంతో మొదలైంది. సేగా వారి ఫాంటసీ స్టార్ 3 (1990)లో నాయకుడు ఎవరిని పెళ్లాడాడన్నదాన్ని బట్టి తర్వాతి తరం నాయకుడు మారతాడు. 1992లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 5 ఇదే ఆలోచనకు ప్రాణం పోసింది. చిన్ననాటి నేస్తం బియాంకానా, సంపన్నుల బిడ్డ ఫ్లోరానా అన్నది ఆటగాడే తేల్చుకోవాలి. లోకాన్ని కాపాడాల్సిన వీరుడు మనం నడిపే మనిషి కాదు, అతని కొడుకు. తల్లిని బట్టి పిల్లల జుట్టు రంగు మారుతుంది. ఎవరిని ఎంచుకోవాలన్న వాదన అభిమానుల్లో నేటికీ చల్లారలేదు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 ఎంపికను కనిపించకుండా దాచింది. మొదటి నుంచి ఎవరితో ఎలా మాట్లాడామో ఆట లోలోపల లెక్కగట్టి, ఒక రాత్రి వినోదశాలలో షికారుకు ఎవరు వస్తారో తేలుస్తుంది.

బయోవేర్ బాట

నేటి రొమాన్స్‌కు ఒరవడి దిద్దింది కెనడాలోని ఎడ్మంటన్‌లో పుట్టిన బయోవేర్ సంస్థ. 2000లో వెలువడిన బాల్డర్స్ గేట్ 2లో పురుష నాయకుడికి జహీరా, ఏరీ, వికోనియా, స్త్రీ నాయికకు అనోమెన్ ప్రేమికులు కాగలరు. సంభాషణలు ఒక్కసారిగా రాలిపడవు. ఆట గడిచేకొద్దీ, నడక మధ్యలోనో విశ్రాంతి వేళనో, ఒక్కో మాటా తెరుచుకుంటుంది. జహీరా కథ మొదలయ్యేది దుఃఖంతో. ఆట ఆరంభంలోనే ఆమె భర్త ఖాలిద్ శవం కనిపిస్తుంది. కొత్త ప్రేమ ఆ నీడలోనే పెరగాలి. సోదరిని హత్య చేశారన్న కోపంతో రగిలే అనోమెన్ ప్రతీకారానికి దిగుతాడా, సహనం పాటించి నైట్ అవుతాడా అన్నది మనమిచ్చే సలహాపై ఆధారపడుతుంది. ప్రేమించిన మనిషి మన మాట వల్ల చెడిపోయే అవకాశం ఉండటం ఆ రోజుల్లో ఒక సాహసం. స్త్రీ నాయికకు ఒకే ఒక్క ప్రేమికుడు, స్వలింగ ప్రేమకు చోటే లేకపోవడం మాత్రం పెద్ద లోటు.

2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అభిమానాన్ని అంకెల్లోకి మార్చింది. మైనస్ 100 నుంచి 100 వరకు కొలత, దాన్ని పెంచే కానుకలు. ఈ పద్ధతిలో బలహీనత స్పష్టం: నగలో మద్యమో ఇచ్చి మనసు కొనుక్కోవచ్చు. అయినా రచన ఆ కొలతను దాటింది. సింహాసనమెక్కిన సహచరుడు అలిస్టైర్, తాను ప్రేమించిన నాయిక ఎల్ఫ్ జాతి యువతి అయితే ఆమెను వదులుకోవచ్చు. చివరి యుద్ధానికి ముందు రాత్రి మరో సహచరి మోరిగన్ ఒక బిడ్డను కోరుతుంది, ఆ తర్వాత ప్రియుణ్ణయినా విడిచి వెళ్లిపోతుంది. 2011లో డ్రాగన్ ఏజ్ 2 ఇంకో మెట్టెక్కింది. స్నేహంతో పాటు విభేదానికీ ఒక కొలత పెట్టి, ఎప్పుడూ ఎదురు వాదించే మనిషి కూడా ప్రేమించగలడని చూపింది. సహచరుడు ఆండర్స్ మన ప్రేమికుడైనా సరే, తాను నమ్మిన విధ్వంసం చేసే తీరతాడు.

2014 నాటి డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌లో ప్రతి పాత్రకూ తనదైన ఇష్టం ఉంది. డోరియన్ పురుషుల్నే ప్రేమిస్తాడు, సేరా స్త్రీలనే, సోలస్ ఎల్ఫ్ స్త్రీని మాత్రమే. కొడుకు స్వభావాన్ని మంత్రంతో మార్చాలని చూసిన తండ్రిని డోరియన్ నిలదీసే ఘట్టం ఈ ప్రక్రియలో వచ్చిన మంచి రచనల్లో ఒకటి. ఈ ఆటను ప్రచురణకర్త ఈఏ భారతదేశంలో అమ్మలేదు. స్థానిక అశ్లీలతా చట్టాలను ఉల్లంఘించకూడదని విడుదలకు ముందే వెనక్కి తీసుకుంది. స్వలింగ సంబంధాలను అప్పట్లో నేరంగా చూసిన సెక్షన్ 377 చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇలాంటి కథ ఎక్కువ అవసరమైన సమయంలోనే, తెలుగు గేమర్లతో సహా ఇక్కడివారికి అది దుకాణాల్లో దొరకలేదు.

ఇతర దారులు

స్కైరిమ్ (2011)లో మారా దేవత పతకం మెళ్లో వేసుకుంటే పెళ్లి మాట కదులుతుంది. అక్కడ బంధం కంటే ఇల్లే ముఖ్యం. ది విచర్ 3 (2015)లో ట్రిస్, యెనెఫర్ ఇద్దరికీ మాటిచ్చిన నాయకుడు గెరాల్ట్‌ను వాళ్లిద్దరూ కలిసి మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. పెర్సోనా, ఫైర్ ఎంబ్లెమ్ వరుసలు బంధాన్ని పోరాట బలంతో ముడిపెట్టాయి.

బాల్డర్స్ గేట్ 3

బెల్జియంకు చెందిన లారియన్ 2023 ఆగస్టులో ఈ ఆట విడుదల చేసింది. నాయక పాత్ర స్త్రీ అయినా పురుషుడైనా ముఖ్య సహచరులు ప్రేమించగలరు. రెండు శతాబ్దాలు రక్తపిశాచికి బానిసై, ఎరగా తన ఒంటినే వాడాల్సి వచ్చిన ఆస్టారియన్ మొదట మనపై విసిరేదీ ఆ పాత వలపు ఉచ్చే. తర్వాత ఆ సంగతి తానే ఒప్పుకుంటాడు. అప్పుడు అతన్ని తాకకుండా పక్కన నిలవడమే అతనికి దక్కే మొదటి నిజమైన ఆదరణ. ఈ పాత్రకు గొంతూ నటనా ఇచ్చిన నీల్ న్యూబన్ ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన పురస్కారం అందుకున్నాడు. గుండె స్థానంలో నిప్పుల యంత్రం మండే కార్లాక్‌ను, కమ్మరి దాన్ని సరిచేసేదాకా ఎవరూ తాకలేరు. ఎన్నాళ్లకో అందే ఆ స్పర్శ కోసం ఆటగాడూ ఎదురుచూస్తాడు.

జహీరా కూడా ఇందులో తిరిగి వస్తుంది, శతాబ్దం దాటిన వయసు భారంతో. ఈసారి ఆమెతో ప్రేమ దారి లేదు. నగరంలో ఆమెకో ఇల్లుంది, ఆ ఇంట్లో ఆమె పెంచుకున్న పిల్లలున్నారు.