పచ్చబొట్టు చెప్పు చరిత్ర



నేటి యువజనులు దేహముపై రంగురంగుల చిత్రములను వేయించుకొనుచున్నారు. వారి కన్నులకు మన ముత్తవ్వల ముంజేతి పచ్చబొట్లు మోటుగా దోచును. నాలుగు చుక్కలు, ఒక తేలు, వంకరపోయిన రెండక్షరములు, ఇందేమి యందమున్నదని యడుగుదురు. అందమునకు ముందుగా నర్థమును విచారింపవలసిన వస్తువిది.

పచ్చబొట్టు పొడుచు విద్య తెలుగుదేశమున ముఖ్యముగా నెఱుకలసానులది. ఎఱుక చెప్పుచు నూరూర దిరుగు నా స్త్రీలు సూదులతో చర్మమును గ్రుచ్చి, దీపపుమసిని లోన నింపి, పైన పసుపు నద్దుచుండిరి. మసి నల్లనిదే యైనను చర్మపుపొర క్రిందనుండి చూచినపుడు నీలిపచ్చగా గనబడును. మదరాసు మ్యూజియమునకు సూపరింటెండెంటుగా నుండిన ఎడ్గారు థరస్టను 1906వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో నీ యాచారమును వర్ణించెను.

సొమ్ములను దొంగలు దోతురు. పొలమును దాయాదులు పంచుకొందురు. పచ్చబొట్టొక్కటియే కాటిదాక వెంటవచ్చునని స్త్రీల నమ్మిక. మా మేనత్త ముంజేత నాలుగు చుక్కలుండెడివి. చిన్ననాట నే నవి దృష్టిదోషమునకని తలచితిని. అడుగగా నామె చెప్పినదేమనగా: అక్కచెల్లెండ్రు నలుగురును వేర్వేరూళ్లకు కాపురములకు బోవుటకు ముందు, ఒక్క దినముననే, ఒక్క సూదితోనే పొడిపించుకొన్న గుర్తులవి. ముగ్గురు గతించిన పిదపకూడ ఆమె ఆ చుక్కలను దడవుచు నొక్కొక్క పేరు చెప్పుకొనెడిది.

ప్రభువుల చేతబడి యీ సూదియే శిక్షాసాధనమైన కాలమును గలదు. కుంఫిణీవారు 1797లో వంగదేశమున, కొన్ని నేరములకు శిక్ష పొందినవారి నుదుట నేరము పేరును పొడిపించు నిబంధనము చేసిరి. అది 1849లో రద్దయ్యెను.

తరువాత వలసకూలీల కథ. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ యను నోడ మదరాసునుండి కూలీలను గొని దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశపు దర్బను రేవు చేరెను. 1911 వరకు నట్లు పోయినవారు 1,52,184 మంది. అందు తెలుగువా రనేకులు. ఓడపట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామముతోపాటు దేహచిహ్నములను గూడ వ్రాసిరి. గాయపుమచ్చవలెనే పచ్చబొట్టును వారికొక యానవాలు. అది యే తల్లి ముచ్చట తీర్చుకొనుటకు పొడిపించినదో, ఏ తోబుట్టువు జ్ఞాపకమో వ్రాయుట కా పట్టికలో గడి లేదు. గుర్తు మిగిలెను, అర్థము మనిషితో బోయెను.

మన యిండ్లలోను నిదియే జరుగుచున్నది. ముంజేతులపై నిట్టి యక్షరములున్న వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. శాసనములు రాళ్లపై నున్నవి గనుక వేయేండ్లకైనను చదువవచ్చును. ఈ శాసనములు దేహముతో దహించిపోవును. కావున మీ యింట నట్టి చేయి గల పెద్దలున్నచో నేడే వారి చెంత గూర్చుండి యడుగుడు. చెప్పినది మనుమలచేత నొక పుస్తకమున వ్రాయింపుడు.