శివారు మడి

మచిలీపట్నంలోని మా పాత కంప్యూటరులో లినక్స్ పెట్టుకొన్న రోజుల్లో ఒక తెలుగు ఖతిని చేత్తో దింపుకొని చేర్చాను. అక్షరాలు వచ్చాయి. కాని "కృష్ణా" అని వ్రాస్తే ష కు పొల్లు తగిలి, ణ వత్తుగా దిగక పక్కన నిలిచిపోయింది. ఖతిని తిట్టుకొన్నాను. తప్పు ఖతిది కాదు. వత్తులను కూర్చే లైబ్రరీ ఆ ప్రోగ్రాము వెనుక లేదు.

డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రకటించాడు. దాని డీపీకేజీ అనే పనిముట్టు, ఒక ప్యాకేజీకి ఏవేవి ఆధారమో చూసి, అవి లేకుంటే ఆగిపోయేది. వెతికి తెచ్చే భారం మనిషిదే. ఒకటి తెస్తే అది మరి రెండింటిని అడిగేది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చి, గొలుసంతా తానే లెక్కగట్టి వరుసగా తెచ్చిపెట్టసాగింది.

దివిసీమ రైతుకు ఈ గొలుసును వివరించనక్కరలేదు. బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. 1957లో దాని బదులు ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ వదిలిన నీరు ఎగువ చేలు తడిపి, తూములు దాటితేనే శివారుకు చేరుతుంది. శివారు మడి ఎండితే రైతు మడిని తిట్టడు. కాలువగట్టు వెంట పైకి నడుస్తాడు. నేను మడిని తిట్టాను.

1975లో విద్యామంత్రిగా తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు దివిసీమవారు. ఎన్.టి. రామారావు గుడివాడ దగ్గరి నిమ్మకూరువారు. సిలికానాంధ్ర వెలువరించిన స్వేచ్ఛా ఖతుల్లో 'మండలి', 'ఎన్టీఆర్' ఉన్నాయి. ఆ ఖతుల్లో వత్తుల రూపాలూ, వాటి నియమాలూ ఉంటాయి. నేటి లినక్స్‌లో వాటిని చదివి అక్షరాలను కూర్చేది చాలావరకు హార్ఫ్‌బజ్. పాంగో వంటి లైబ్రరీలు దానిపై ఆధారపడతాయి.

పారశీకంలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. మా ఊరిని పిలిచే 'బందరు' కూడా పారశీకమే, రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి నుండి పర్షియాకు ఓడలు నడిచేవి. ఊరి పేరు అరువు తెచ్చుకొన్నందుకు బందరు చిన్నబోలేదు. మన వత్తు పరాయి లైబ్రరీపై నిలవడమూ అవమానం కాదు. మరచిపోవడమే అపాయం.

ఆప్ట్ వచ్చాక గొలుసు మన కంటికి కనబడడం లేదు. ఎక్కడో ఎవరో ఓపికగా మరమ్మతు చేయడం మానితే, "కృష్ణా" మళ్ళీ విడిపోవచ్చు. మిత్రులారా, తీరిక ఉన్నప్పుడు 'ఆప్ట్ డిపెండ్స్' అని అడిగి ఆ చిట్టాను ఒకసారి చదవండి. మనం ఎందరికి ఋణపడి వ్రాస్తున్నామో అందులో ఉంది.