కోరంగి వాళ్ళ దీవి

మారిషస్ అనగానే ఈ రోజుల్లో మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది హనీమూను. శుభలేఖలు అచ్చుకు వెళ్ళకముందే ఏజెంట్ల రంగురంగుల కాగితాలు ఇంటికి వచ్చి పడుతున్నాయి. నేను వెళ్ళింది అలాంటి ముచ్చటకు కాదు లెండి. మావారి కంపెనీ అక్కడ ఏదో సమావేశం పెట్టి, భార్యలను కూడా వెంట తెచ్చుకోవచ్చన్నది. పగలంతా వాళ్ళు చల్లటి హాల్లో కూర్చుని లెక్కలు చూసుకుంటుంటే, వెంట తెచ్చుకున్న భార్యలు ఏం చేస్తారన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. నాకు అదే కలిసొచ్చింది.

దీవికి నైరుతి మూలన, లెమోర్న్ అనే కొండ పాదాల దగ్గర మా హోటలు. గడ్డి కప్పు వేసిన కుటీరాలే గాని, లోపల అడుగు పెడితే మహారాణీ వైభోగం. మంచం మీద నలుగురు పడుకోవచ్చు. గది గుమ్మం దిగితే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. అల అన్నది లేని నీళ్ళు! దూరంగా పగడపు దిబ్బ అడ్డం ఉండటంతో హిందూ మహాసముద్రం కోపమంతా అక్కడే తెల్లటి నురగగా ఆగిపోతుంది. ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు. కళ్ళు మూసుకుని ఆ గాలి హోరు వింటే బాపట్లో, భీమిలో అనుకోవచ్చు.

ఆ ఒడ్డుకొక కథ ఉన్నది. డచ్చివాళ్ళు 1598లో దిగి, తమ యువరాజు మారిస్ పేరు పెట్టి, డోడో పక్షి అంతానికి కారకులై, చెరకు నాటి, 1710లో వెళ్ళిపోయారు. తరవాత 1715లో వచ్చిన ఫ్రెంచివాళ్ళు దీవి చుట్టూ సముద్రపు అంచున యాభై అడుగుల పట్టీ (అడుగంటే ఇక్కడ మనిషి అంగ సుమా, అంతా కలిపి 81 మీటర్ల పైచిలుకు) ఎవరికీ అమ్మకుండా సర్కారు కిందే ఉంచారు. శత్రువుల ఓడలు వస్తే ఫిరంగులు నిలపడానికట. ఆ ముందుచూపు వాళ్ళను కాపాడలేదు. 1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని పట్టుకున్నారు. పట్టీ మాత్రం ఈనాటికీ సర్కారుదే. హోటళ్ళు కౌలుకు తీసుకుంటాయి. ఫిరంగి ఉండవలసిన చోట పడక కుర్చీ వేసుకుని నేను కొబ్బరి నీళ్ళు తాగానన్నమాట.

తల ఎత్తితే కొండ. ఎత్తు 556 మీటర్లు, నిట్టనిలువు నల్లరాయి. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టి తెచ్చిన బానిసలు తోటల నుంచి పారిపోయి ఈ కొండ గుహల్లో తలదాచుకునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. మీకిక స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి పోలీసులు కొండెక్కితే, పట్టుకుపోవడానికే వచ్చారనుకుని ఎంతోమంది పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఈ కొండను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నాకు మాత్రం ఇంకొక సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. రద్దు జరిగినప్పుడు ఇంగ్లీషు సర్కారు ఈ దీవికి నష్టపరిహారంగా ఇరవై లక్షల పౌన్లకు పైగానే ఇచ్చింది. కొరడా దెబ్బలు తిన్నవాళ్ళకు కాదు, యజమానులకు!

బానిసలు పోతే చెరకు ఎవరు నరకాలి? అక్కడే మనం వస్తాం. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయిస్‌లో దింపింది. ఆ తరవాత ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా వచ్చినవాళ్ళు సుమారు నాలుగున్నర లక్షలు. బీహారు, తమిళ దేశం, మహారాష్ట్రం, వాళ్ళతో మన విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలు. మనవాళ్ళను అక్కడ కోరంగి వాళ్ళనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది కదా, ఆ పేరు! ఆ రేవును 1839లో ఉప్పెన ముంచేసింది. ఊరు మునిగినా పేరు మాత్రం బర్మాలో, ఈ దీవిలో మనుషుల నెత్తిన బతికింది.

మర్నాడు టాక్సీ మాట్లాడుకుని రాజధానికి బయల్దేరాను. దారి పొడుగునా చెరకు. చేల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళు గోడల్లా, గోపురాల్లా పేర్చి ఉంటాయి. చూడ్డానికి అందమే. ఒకప్పుడు అగ్నిపర్వతం కక్కిన రాళ్ళవి. చేలల్లోంచి ఒక్కొక్కటే ఏరి పేర్చినవాళ్ళు మన కూలీలు. అక్కడ రాయి తిరగేస్తే కింద బంగారం దొరుకుతుందని చెప్పి ఓడెక్కించారని కథ. దొరికింది ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దీన్ని అక్కడ ‘డబుల్ కట్’ అనేవారు. గడువు తీరినవాళ్ళనూ వదల్లేదు. 1867 చట్టం ప్రకారం ఫోటో అంటించిన చీటీ ఎప్పుడూ దగ్గరుండాలి, లేకపోతే దేశదిమ్మరి కింద జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లదొర ఒకాయన వీళ్ళ తరఫున అర్జీ రాసి తొమ్మిదివేల మందికి పైగా చేవ్రాళ్ళు పెట్టించాడు. ఆ మరుసటి ఏడే విచారణకు రాయల్ కమిషన్ వచ్చింది. తోటల వాళ్ళు ఆయన మీద ఎంత మండిపడ్డారో వేరే చెప్పాలా!

పోర్ట్ లూయిస్ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1849లో కట్టిన కూలీల డిపో. కొంత భాగం కొత్త రోడ్డు కిందికి పోయింది. 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తాజ్‌మహలూ, ఇదీ ఒకే జాబితాలో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. రాతి మెట్లు, కూలిన గోడలు, అంతే. ఓడ దిగినవాళ్ళు ఆ మెట్లే ఎక్కి, రెండు రోజులు అక్కడే ఉండి, తోటలకు పంపకమయ్యేవారు.

నేను ఆ మెట్ల దగ్గర ఆడవాళ్ళ కోసం వెతుక్కున్నాను. మొదటి ఓడల్లో వాళ్ళు నామమాత్రం. దొరలకు కావలసినవి చెరకు నరికే చేతులు. పెళ్ళాం, పిల్లలు వాళ్ళ దృష్టిలో దండగ ఖర్చు. తరవాత, వంద మంది మగవాళ్ళు ఓడెక్కితే వాళ్ళ వెంట ఇంతమంది ఆడవాళ్ళు ఎక్కితీరాలని సర్కారు నిబంధన పెట్టింది. ఆడవాళ్ళ మీద దయతో అనుకునేరు! మగవాడు తోటలోనే నిలవాలంటే సంసారం ఉండాలి కాబట్టి. వచ్చినవాళ్ళలో భార్యలున్నారు, వితంతువులున్నారు, కరువుకు ఊళ్ళు విడిచినవాళ్ళున్నారు. నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది ఆ రోజుల్లోనే. పుస్తకాల్లో చాలామంది కేవలం ‘ఫలానావాడి భార్య’. చెరకు కాలం వస్తే చేలోకి వెళ్ళారు, తిరిగొచ్చి రొట్టె కాల్చారు, పిల్లల్ని కన్నారు. పంతులుగారు తాళి కట్టించిన పెళ్ళి కూడా సర్కారు పుస్తకంలోకి ఎక్కకపోతే చట్టానికి పెళ్ళి కాదు. పసుపుతాడు మెడలో ఉండగానే కాగితం మీద కన్నెపిల్ల! పుట్టిన బిడ్డకు తండ్రి పేరు కోసం కోర్టు మెట్లెక్కిన తల్లులను తలుచుకుంటే, మనం నవలల్లో రాసే కష్టాలు ఏ మూలకు?

వాళ్ళు రాసుకున్న ఉత్తరాలేవీ నాకు కనబడలేదు. చదువు లేనివాళ్ళు ఏం రాస్తారు? కానీ బజారుకెళితే వాళ్ళ జాడ దొరికింది. మునగాకు కట్టను అక్కడ ‘బ్రెడ్ మురుం’ అంటారు. ‘బ్రెడ్’ అంటే వాళ్ళ క్రియోల్ భాషలో ఆకుకూర. కరివేపాకు ‘కరిపులే’. మగవాడు కొడవలి పట్టుకుని దిగితే, కొంగున విత్తనాలు ముడివేసుకుని దిగింది ఎవరై ఉంటారు? ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. తెలుగువాళ్ళు దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. తెలుగు మరిచినవాళ్ళు కూడా ‘అమ్మోరు’ అన్న మాట మరవలేదు. 1947లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి.

మా గది శుభ్రం చేసే ఆవిడకు నా వయసే ఉంటుంది. నా బొట్టు చూసి మూడో రోజున “తెలుగా?” అన్నది. బడిలో నేర్చిన నాలుగు తెలుగు ముక్కలు, తక్కినది ఇంగ్లీషు. ఆమె ఇంటిపేరు మన శ్రీకాకుళం వైపు మగవాడి పేరు. ఆ దేశంలో అంతే. ముత్తాత పేరు అప్పడో, సన్యాసో అయితే, గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినదే మునిమనవలకు ఇంటిపేరయింది. అలా మగవాళ్ళ పేర్లు మిగిలాయి. తెచ్చుకున్న ఆడదాని పేరు ఒక తరం దాటితే ఎవరికీ తెలియదు.

“మా అవ్వది నా దగ్గరుంది” అన్నది ఆవిడ. మోకాలో మహాత్మాగాంధీ సంస్థ ఉంది. వలస వచ్చినవాళ్ళ పాత రిజిస్టర్లు, ఫోటోలు అక్కడ దాచారు. మనిషికొక నంబరు, పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఆవిడ సెలవు పెట్టి వెళ్ళి, నకలు తెచ్చుకుందట. సాయంత్రం పని దిగాక హోటలు వెనక గేటు దగ్గర, వాళ్ళ బస్సు ఆగేచోట చూపించింది.

పేరు చదవగలిగాను. లక్ష్మి. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరే చిక్కు వచ్చింది. దొర చేతిరాతలో ఆరక్షరాలు, మధ్యలో ఒకటి చెరిగింది. ఇలా అయితే ఒక ఊరు, అలా అయితే ఇంకొక ఊరు. నేను నాలుగు విధాలుగా పలికాను. ఆవిడ నాలుగూ నా వెనకాలే, నోరు తిరిగేదాకా పలికింది. బస్సు వచ్చింది. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని, మెట్టెక్కుతూ కూడా ఏదో ఒకటి గొణుక్కుంటూనే ఉంది. ఆ నాలుగింటిలో ఏదో నాకు వినబడలేదు.