వారసుల్లేరంటూ రాజ్యాలు కలిపేసుకున్న డల్హౌసీ.. చివరికి ఆయన బిరుదుకే వారసుడు లేడు!

డల్హౌసీ.. సోషల్ పుస్తకంలో రాజ్య సంక్రమణ సిద్ధాంతం పాఠం చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. నిజానికి ఇది ఆయన ఇంటిపేరు కాదు. స్కాట్లాండ్‌లోని ఓ కోట పేరు. ఆ కోట యజమానులైన రామ్సే కుటుంబానికి అదే బిరుదు అయింది.

ఎవరీ రామ్సేలు?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోకు దగ్గర్లోనే ఉంది డల్హౌసీ కోట. శతాబ్దాల పాటు అది రామ్సేల చేతిలోనే ఉంది. 1618లో ఈ కుటుంబానికి 'లార్డ్' హోదా దక్కింది. 1633లో అంతకంటే పెద్దదైన 'ఎర్ల్' బిరుదు వచ్చింది.

తండ్రికి కెనడా.. కొడుక్కి ఇండియా

9వ ఎర్ల్ జార్జ్ రామ్సే సైన్యాధికారి. తర్వాత కెనడా వెళ్లి 1818లో హాలిఫాక్స్‌లో ఓ కాలేజీ పెట్టారు. ఇప్పటి డల్హౌసీ యూనివర్సిటీ అదే. మన పాఠాల్లో కనిపించేది మాత్రం ఆయన కొడుకు జేమ్స్, అంటే 10వ ఎర్ల్. 1848లో 35 ఏళ్లకే గవర్నర్ జనరల్ అయ్యారు. 1849లో పంజాబ్‌ను కంపెనీ పాలనలోకి తెచ్చినందుకు ఎర్ల్ కంటే పై హోదా అయిన 'మార్క్విస్' బిరుదు ఇచ్చారు.

దత్తత చెల్లదన్నారు

రాజుకు కొడుకు లేకుంటే రాజ్యం కంపెనీదే, దత్తపుత్రుడికి హక్కు లేదు.. ఇదీ ఆయన వాదన. సతారా, నాగ్‌పూర్, ఝాన్సీ అలా పోయినవే. ఝాన్సీలో దత్తత తీసుకున్న పిల్లాడు రాజు బంధువుల బిడ్డే. అయినా ఒప్పుకోలేదు. హైదరాబాద్ నిజాం నుంచి బేరార్‌ను కంపెనీ తీసుకున్నదీ ఈయన హయాంలోనే, 1853లో. కాకపోతే దానికి చూపిన కారణం వేరు.. సైన్యం ఖర్చుల బాకీ.

మరి ఆయన బిరుదులు ఏమయ్యాయి?

1860లో 48 ఏళ్లకే డల్హౌసీ చనిపోయారు. ఇద్దరూ కూతుళ్లే. మార్క్విస్ బిరుదు ఆయన మగ సంతానానికే దక్కాలన్నది రూల్. దాంతో 11 ఏళ్లకే ఆ బిరుదు రద్దయిపోయింది.

ఎర్ల్ బిరుదు మాత్రం బతికింది. దాని రూల్ వేరు. కొడుకు లేకపోయినా వంశంలోని మగవాళ్లలో దగ్గరి బంధువుకు వెళ్తుంది. అలా కజిన్ ఫాక్స్ మాల్ 11వ ఎర్ల్ అయ్యారు. ఆయనకూ పిల్లల్లేరు. 1874లో మరో కజిన్, నేవీ అధికారి జార్జ్ రామ్సేకు వెళ్లింది. అలా చేతులు మారుతూ ఇప్పుడు 17వ ఎర్ల్ వరకు వచ్చింది.

కొడుకు లేకపోతే బంధువుతో వంశం నిలబెట్టుకునే వీలు డల్హౌసీ ఇంటికి ఉంది. అదే వీలు కావాలని ఝాన్సీ రాణి లక్ష్మీబాయి అడిగితే కాదన్నారు. 1857 తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఇదీ ఒకటి.

రామ్సేల ఆ పాత కోట ఇప్పుడు హోటల్. హిమాచల్ ప్రదేశ్‌లో టూరిస్టులు వెళ్లే డల్హౌసీ పట్టణం పేరు కూడా ఈ 10వ ఎర్ల్‌దే.