శ్రీకాకుళం జిల్లా

శ్రీకాకుళం జిల్లా ఆంధ్రప్రదేశ్‌కు ఈశాన్య మూలన, ఒడిశా సరిహద్దున ఉన్న తీర జిల్లా. దీనికి తూర్పున బంగాళాఖాతం, ఉత్తరాన ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాలు, పడమర, నైరుతి దిక్కుల్లో పార్వతీపురం మన్యం, విజయనగరం జిల్లాలు ఉన్నాయి. తూర్పు కనుమలకు, సముద్రానికి నడుమ ఉన్న ఈ సన్నని మైదానాన్ని ప్రధానంగా నాగావళి, వంశధార నదులు తడుపుతాయి. వీటితోపాటు మహేంద్రతనయ, బాహుదా కూడా ఒడిశా కొండల్లో పుట్టి ఇక్కడికి ప్రవహిస్తున్నందున నీటి పంపకం ఉభయ రాష్ట్రాల వ్యవహారమైంది. వంశధార వివాదంపై ఏర్పడిన ట్రిబ్యునల్ 2017లో తుది తీర్పు వెలువరించింది.

గోల్కొండ సుల్తానుల కాలంలో చికాకోల్ సర్కారుకు (సర్కారు అంటే రెవెన్యూ విభాగం) శ్రీకాకుళం కేంద్రం. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కారును మరి మూడింటితో కలిపి ఫ్రెంచివారికి ఇవ్వగా, 1758లో చందుర్తి యుద్ధంలో ఓడిన తరువాత వారి పట్టు సడలింది; 1765 నాటి మొగలు ఫర్మానాతో ఇవి సహా ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. తదుపరి శ్రీకాకుళం గంజాం జిల్లాలో భాగమైంది.

నేటి సరిహద్దుకు మూలం 1936 ఏప్రిల్ 1. ఆనాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడగా, గంజాం జిల్లాలో అధికభాగంతోపాటు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది; టెక్కలి, పాతపట్నం, ఇచ్ఛాపురం వంటి తెలుగు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లాను వేరుచేశారు. 1979లో సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలు కొత్త విజయనగరం జిల్లాకు, 2022 ఏప్రిల్ 4న పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యానికి, రాజాం ప్రాంతం విజయనగరానికి బదిలీ అయ్యాయి.