ఊసుపోక అల్లినవి

మాది చిలకలపూడి అనగానే ఎదుటివాళ్ళ చూపు ముందు నా మెడమీదికి, తరవాత చేతులమీదికి వెడుతుంది. గిల్టు నగల ఊరిదాన్ని కదా, వేసుకున్న గొలుసు బంగారమా, చిలకలపూడి బంగారమా అని సందేహం. ఆ సందేహం తీర్చకుండా వదిలెయ్యడం నాకు సరదా. ఇప్పుడు చెప్పబోయేదీ గొలుసుల గురించే కాని, దారంతో అల్లే గొలుసుల గురించి. క్రోషా సూది పట్టుకున్నవాళ్ళు మొట్టమొదట నేర్చుకునేది గొలుసే గదా!

కిందటేడు వేసవిలో మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మకానికి పెట్టాం. అటకమీంచి ట్రంకుపెట్టె దించితే అందులో పట్టుచీరలేం లేవు. జాకెట్టు చేతులకి కుట్టే లేసు, లంగా అంచులు, పసిపిల్లల ఊలు టోపీలు నాలుగు, మేజోళ్ళు, భుజాలమీద కప్పుకునే పై ముసుగు ఒకటి. అడుగున, సగంలో ఆగిపోయిన గులాబీపువ్వు, దాని కంట్లో గుచ్చి ఉన్న సూది. ఆ సూది బజార్లో కొన్నది కాదు. వీధి చివర గిల్టు గొలుసులు చేసే కంసాలి తాతగారు సైకిలు పుల్ల విరిచి, కొస వంచి, ఆకురాయితో నున్నగా రాసి ఇచ్చినది.

బందరులో ఊలు బట్టలతో పనేమిటని మీరు అడగవచ్చు. నిజమే. మా ఊళ్ళో స్వెట్టరు తొడుక్కునేది బాలింతలు కన్న పసికందులూ, ఢిల్లీనుంచి సెలవలకొచ్చి గొప్ప చూపించుకునే అల్లుళ్ళూ మాత్రమే. అయినా అమ్మమ్మ అల్లేది. ఎవరైనా చూసి మెచ్చుకుంటే తాతయ్య పడక్కుర్చీలోంచి, "ఊసుపోక ఏదో అల్లుకుంటుంది లెండి" అనేవాడు. ఆ మాట మేము చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నామో! ఊసుపోక అల్లినవి అని తేలిగ్గా తీసుకున్నందుకే ఆ పెట్టె అన్నేళ్ళు అటకమీద ఉండిపోయింది.

ఆ వస్తువుల ఫొటోలు అక్క కూతురికి పంపాను. అది డాలస్‌లో చదువుకుంటోంది. ఆదివారంనాడు రంగురంగుల ఊలు ఉండలు ముందేసుకుని కిటికీ దగ్గర కూచుని తన జాకెట్లు తనే అల్లుకుంటుంది. హాబీ అంటుంది. ఫొటో చూసి వెంటనే ఫోను చేసింది. "పిన్నీ, తాతమ్మ అల్లిన ఆ గులాబీ ఎలా వెయ్యాలో కనుక్కుని చెప్పవూ? ఎక్కడా దొరకడం లేదు" అని. సరే అన్నాను. ఒక పువ్వు సంగతి కనుక్కోవడానికి బయల్దేరి నేను ఎంతదూరం వెళ్ళానో చూడండి.

క్రోషా చూడ్డానికి అనాదిగా ఉన్న విద్యలాగ కనపడుతుంది కాని, వయసు రెండువందల ఏళ్ళు మించదట. రెండు సూదులతో అల్లే ఊలు అల్లికకి చాలా పూర్వచరిత్ర ఉంది. ఒక్క కొక్కెంతో అల్లే ఈ పనికి 1800 కి ముందరి ఆనవాళ్ళు యూరపులో నమ్మదగ్గవి దొరకలేదంటారు. అచ్చులో వచ్చిన తొలి నమూనాలు 1820 ల్లో హాలెండులో 'పెనెలొపే' అనే స్త్రీల పత్రిక వేసిందట. మన వారపత్రికల్లో కుట్లూ అల్లికలూ పేజీకి అది ముత్తవ్వ అన్నమాట. క్రోషే అనే ఫ్రెంచి మాటకి అర్థం కూడా చిన్న కొక్కెం అనే.

ఆ కొక్కెం ఎక్కణ్ణించి వచ్చింది? ఇక్కడ నాకు నవ్వొచ్చింది. పద్ధెనిమిదో శతాబ్దంలో యూరపు దొరసానులు చక్రానికి బట్ట బిగించి, కొక్కెం సూదితో కిందినుంచి దారం లాగి గొలుసుకుట్టు వెయ్యడం నేర్చుకున్నారు. ఆ పని వాళ్ళకి తూర్పుదేశాలనుంచి వచ్చింది. ఇండియాలో కచ్ దేశపు మోచీలు తోలు కుట్టే ఆరీ సూదితో అదే పని పట్టుబట్టల మీద చేసేవారు. కొన్నాళ్ళకి ఎవరికో బట్ట ఎందుకు, దారం ఒక్కటీ చాలదా అనిపించి, కుట్టు గాలిలో వెయ్యడం మొదలుపెట్టారనీ, అదే క్రోషా అయిందనీ పరిశోధకుల్లో కొందరి అభిప్రాయం. ఈ రోజున మనం పెళ్ళి జాకెట్టుకి వేలకి వేలు పోసి చేయించుకునే మగ్గం వర్కు ఉందే, అది ఆ ఆరీ సూది పనే. అంటే ఆ కొక్కెం ఇండియానుంచి బయల్దేరి, దారిలో ఎక్కడో బట్టని వదిలించుకుని, క్రోషా పేరుతో తిరిగి మన గుమ్మంలోకి వచ్చిందని నమ్మడం నాకు ఇష్టం.

ఆ తిరిగిరావడం వెనక ఒక కరువు ఉంది. 1845 నుంచి అయిర్లండులో వరసగా బంగాళాదుంప పంటకి తెగులు సోకింది. జనం లక్షల్లో చచ్చిపోయారు, లక్షల్లో ఓడలెక్కి పారిపోయారు. మిగిలినవాళ్ళకి కన్యాస్త్రీల మఠాలవాళ్ళూ, పాస్టర్ల భార్యలూ క్రోషా నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్ళో కసాండ్రా హాండ్ అనే పాస్టరుగారి భార్య పెట్టిన పని ఎంత వ్యాపించిందంటే ఆ లేసుకి ఊరి పేరే వచ్చింది. ఒక ఇంట్లో గులాబీ అల్లుతారు, ఇంకో ఇంట్లో ఆకు, మరొకళ్ళు వాటిని వలలాంటి దారంతో కలుపుతారు. ఎవరి పువ్వు వాళ్ళ ఇంటి రహస్యం. లండన్‌లో దొరసానులు ఆ కాలర్లు తొడుక్కుని విందులకి వెళ్ళేవారు. అల్లినవాళ్ళు ఆ డబ్బుతో రొట్టె కొనుక్కున్నారు, టిక్కెట్టు కొనుక్కుని అమెరికా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఒకే కొక్కెం విందుకి వెళ్ళేవాళ్ళకి సరదా, అల్లేవాళ్ళకి అన్నం.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన డెల్టాలకి మిషనరీలు వచ్చారు. డెవన్ సీమలో తాపీపని చేసుకునే బౌడెనూ, చెప్పులు కుట్టుకునే జార్జి బీరూ 1836 లో భార్యలతో సహా ఇండియాకి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో కాపురం పెట్టారు. 1841 లో నోబుల్ దొర, ఫాక్స్ దొర మా బందరు వచ్చారు. నోబుల్ గారి బడి అందరికీ తెలిసిందే. షార్కీ దొరసానిగారు ఆడపిల్లల్ని చేరదీసి నడిపిన బడిని మాత్రం అంత తలుచుకోరు. మిషను బడుల్లో ఆడపిల్లలకి చదువుతోబాటు సూదిపని తప్పనిసరి. ఎగువ గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కెయిన్ దొరసాని నేర్పిన లేసుకి పేరొచ్చింది. నరసాపురంలో 1844 ప్రాంతంలో మక్రే దంపతులనే స్కాట్లండువాళ్ళు మొదలుపెట్టారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ముందు క్రైస్తవం పుచ్చుకున్న పేద ఇళ్ళల్లో ప్రవేశించిన ఆ పని క్రమంగా గడప దాటకూడని కాపు ఇళ్ళల్లోకీ వెళ్ళింది. పొలానికి వెడితే పరువు పోతుంది, వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. లేసయితే తలుపు వేసుకుని చేసుకోవచ్చు.

మా అమ్మమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. ఇంతకాలం నాకిది కేవలం చుట్టరికం సంగతి. పెట్టెలో సూదితోబాటు దొరికిన నోటుపుస్తకం చదివాక అర్థం మారింది. నూనెమరకల మధ్య పెన్సిలు రాతలు. దారం ఉండలు ఇన్ని, పువ్వులు ఇన్ని, "వదిన పట్టుకెళ్ళినవి", కూలి ఇంత. తేదీలకి బదులు ఏకాదశులూ, పున్నాలూ.

అమ్మని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది: "మీ అత్తమ్మమ్మ ప్రతి కార్తీకపున్నమికీ పాండురంగడి ఉత్సవాలకి వచ్చేది కదే. మంగినపూడి సముద్రస్నానం, స్వామి దర్శనం. ఆ సంచీలో ప్రసాదంతోబాటు దారం వచ్చేది. వెళ్ళేటప్పుడు అరిసెల డబ్బాలో పువ్వులు వెళ్ళేవి." గుడివాడలో, భీమవరంలో బండి మారి, నరసాపురం చేరి, అక్కడ ఎవరో అతుకుపనివాళ్ళ చేతుల్లో పడి, దుప్పటో బల్లగుడ్డో అయి సముద్రాలు దాటేవి ఆ పువ్వులు. నోటుపుస్తకంలో ఒక కూలి పక్కన "అమ్మాయి బి.ఏ. పరీక్ష ఫీజు" అని ఉంది. ఆ అమ్మాయి మా అమ్మే.

"తాతయ్యకి తెలుసా?" అన్నాను. "తెలియకేం? ఫీజు కట్టడానికి కాలేజీకి వెళ్ళింది ఆయనే" అంది అమ్మ. మరి ఊసుపోక అనేవాడేం? అమ్మ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసి, "పెళ్ళాం కూలికి అల్లుతోందని నలుగురిలో చెప్పుకుంటాడుటే ఎవడైనా?" అంది.

తాతయ్యని నేనేం తప్పుపట్టడం లేదు, చెడ్డవాడు కాదు. కాని ఆ మాట ఆయన సొంతం కాదని తరవాత తెలిసింది. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1978, 79 ల్లో నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లేవాళ్ళ మధ్య తిరిగింది. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని 1982 లో పుస్తకం వేసింది. రోజుకి ఆరేడు గంటలు అల్లినా రూపాయి కూడా గిట్టని ఆడవాళ్ళు అందులో ఉన్నారు. కూలి కాలానికి కాదు, అల్లిన దారానికి. పువ్వు వేసేది ఒకరు, అతికేది ఇంకొకరు, కనక మొత్తం వస్తువు ఖరీదు ఎవరికీ తెలీదు. ఎగుమతి చేసేవాళ్ళు లక్షాధికార్లయ్యారు, వాళ్ళంతా మగవాళ్ళు. అల్లేవాళ్ళని మాత్రం ఇంట్లో తీరిగ్గా కూచునే గృహిణులన్నారు. జనాభా లెక్కల్లో సైతం వాళ్ళు పనిచేసేవాళ్ళ కింద రాలేదు. తీరిక అనే ఒక్క మాటతో కూలి ఎంత తగ్గించవచ్చో ఆవిడ లెక్క కట్టి చూపించింది. మా పడక్కుర్చీ మాట అంత పెద్ద వ్యాపారానికి పెట్టుబడి అని నేననుకున్నానా!

ఆ మాటకొస్తే మా చిలకలపూడిలో గిల్టు గొలుసుల కొక్కేలు కలిపేదీ, పూసలు గుచ్చేదీ చాలావరకు ఇళ్ళల్లో ఆడవాళ్ళే. వాళ్ళనీ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటారని చెప్పడం చిన్నప్పుడు విన్నాను.

నోటుపుస్తకంలో ఒక పేజీ మాత్రం నాకు మింగుడుపడలేదు. 1977 నవంబరు 19 న ఉప్పెన. దివిసీమ ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన ఆ రాత్రి మా ఇంట్లో పోయింది చెప్పుకోదగ్గది కాదు. పెంకులు ఎగిరిపోయి, మంచంకింద దాచిన దారం ఉండలు ఉప్పునీటి బురదలో నానాయి. ఉతికితే పసుపుపచ్చ తిరిగాయి. ఆ పేజీలో అమ్మమ్మ రాసుకున్నది ఇంతే: "తడిసిన దారం ఖరీదు మూడు దఫాల్లో కోసుకున్నారు." ఎవరు కోసుకున్నారో పేరు రాయలేదు. రాసినా నేను ఇక్కడ చెప్పను. ఆ పసుపు దారంతోనే మా అక్కకీ నాకూ టోపీలు వచ్చాయట, ఇప్పుడు పెట్టెలో ఉన్న వాటిల్లో రెండు అవే. వాటి ఎదుట కూలి గడి ఖాళీ.

పువ్వు సంగతి మిగిలిపోయింది. అమ్మకి క్రోషా రాదు. అమ్మమ్మ నేర్పలేదు. "పుస్తకం పట్టుకో" అనేదిట. నాకా, చైను దాటి డబులు వెయ్యబోతే అంచు వంకర తిరుగుతుంది. ఊలు అల్లికలో ఒక కన్ను జారితే ఆ వరసంతా కిందదాకా జారుతుంది, క్రోషాలో విప్పితే ఒక్కొక్క కన్నే విప్పుకుంటూ పోవచ్చు, కనక విప్పి నేర్చుకొమ్మన్నారు ఎవరో. అమ్మమ్మ పువ్వు విప్పడానికి చెయ్యి రాలేదు.

చివరికి ఆ సగం పువ్వు కాగితంలో చుట్టుకుని నరసాపురం వైపు వెళ్ళాను. నరసాపురం లేసుకి 2024 లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు. క్రోషాని అచ్చంగా చేత్తో అల్లినట్టు అల్లే యంత్రం ఇప్పటికీ వాడుకలోకి రాలేదు కనక, డాలస్ దుకాణంలో వేలాడే క్రోషా జాకెట్టయినా ఎక్కడో ఎవరో చేతులు నొప్పిపెట్టగా అల్లిందే. మా చుట్టాల పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంది. కళ్ళు సరిగా ఆనవు. పువ్వుని బొటనవేలితో రేకు రేకూ తడిమి, "ఇది మావైపు పువ్వేనమ్మా, నడుమ బొడిపె చూడు" అంది. అమ్మమ్మ సైకిలుపుల్ల సూదితోనే మిగతా సగం పూర్తిచేసింది. ఇరవై నిమిషాలు పట్టలేదు. నేను ఫోనులో వీడియో తీశాను.

డబ్బు ఇవ్వబోతే ఆవిడ నా చేతిలో నోటుకేసి చూసి, "ఒక్క పువ్వుకి ఇంతా? చిల్లర లేదమ్మా నా దగ్గర" అంది. ఉంచుకోండి అంటే ఒప్పుకోలేదు. అరగంటలో అయిదు పువ్వులు అల్లి, లెక్కపెట్టి నా చేతిలో పోసి, అప్పుడు నోటు తీసుకుంది.