సీతమ్మ కథ నుంచి ‘మేము’ దాకా

ఉదయగిరి చరిత్ర రాయమంటే మా పదో తరగతి పిల్లలు కోట దగ్గర మొదలుపెడతారు. 1513-14లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని ఎలా గెలుచుకున్నాడో రెండు పుటలు నింపుతారు. ఆ కోటకు తూర్పున, కలిగిరి వైపు మెట్ట పల్లెల్లో కూలినాలి చేసుకునే ఆడవాళ్లు 1990 దశకం తొలినాళ్లలో పలకలు పట్టుకొని కూర్చున్న రాత్రిబడి మాత్రం ఎవరి జవాబులోనూ రాదు. తప్పు పిల్లలది కాదు. అది ప్రశ్నపత్రంలో లేదు.

విద్యలో ప్రజాస్వామ్యం అన్న మాట రాగానే మనవాళ్లు ఇంగ్లండు వైపు చూస్తారు. ఎ.ఎస్. నీల్ 1921లో నెలకొల్పిన సమ్మర్‌హిల్ బడిలో పాఠానికి పోవాలో వద్దో పిల్లవాడే నిర్ణయించుకుంటాడు. బడి సభలో గురువుకూ ఒకటే ఓటు, శిష్యుడికీ ఒకటే ఓటు. గొప్ప ప్రయోగమే, కాదనను. అయితే అది ఫీజు కట్టగలిగినవాళ్ల బడి. పగలంతా కలుపు తీసి, ఇంటికొచ్చి ఇంత ఉడకేసి, ఆ తర్వాత అక్షరాల దగ్గరకు వచ్చే విద్యార్థినిని హాజరుపట్టీ చూపి బెదిరించేవాడు అసలే లేడు. పాఠం తన బతుకును తాకకపోతే ఆమె మర్నాడు రాదు. అంతకంటే కఠినమైన విమర్శకురాలు ఏ వాచకానికైనా దొరుకుతుందా?

నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్త, నలిగిపోయిన భార్య, చివరకు ఆమె చావు. కథగా చూస్తే ఇందులో కొత్తదనం లేదు. కరుణరసం పొంగించి కన్నీటితో ముగించడం మన అభ్యుదయ రచయితలకూ అలవాటైన పనే. నేను సంపాదకుణ్ణయితే తిప్పి పంపేవాణ్ణేమో!

దూబగుంట ఆడవాళ్లు దాన్ని నాలాగా చదవలేదు. వాళ్లకు సీతమ్మ పాత్ర కాదు, పక్కింటి మనిషి. తాగినవాళ్లు చెరువులో పడి చనిపోవడం ఆ ఊరు చూసివుంది. పాఠం మీద మొదలైన చర్చ కూలిడబ్బులు ఎటు పోతున్నాయన్న లెక్కలోకి, అక్కడి నుంచి సారా అంగడి గుమ్మం దాకా నడిచింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా కల్లుబండిని వెనక్కు తిప్పారు, సారా జీపును అడ్డగించారు, అంగడి మూయించారు. రచయిత రాసిన ముగింపును పాఠకులు ఒప్పుకోలేదన్నమాట.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దీని తర్వాత జరిగింది. అక్షరాస్యుల కోసం వచ్చిన తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠం చేరింది. అది దూబగుంట కథే. సీతమ్మను గురించి ఎవరో చెప్పారు. ఈ కథ మాత్రం ‘మేము’ అంటూ సాగుతుంది. నిన్నటి విద్యార్థినులు ఇవాళ్టి పాఠమయ్యారు. ప్రథమ పురుష నుంచి ఉత్తమ పురుషకు జరిగిన ఈ మార్పును వ్యాకరణం చెప్పే నాబోటివాళ్లు ముందే గమనించవలసింది. ఆ పాఠం జిల్లాలోని ఇతర పల్లెలకు పోయింది. ఉద్యమం ఆత్మకూరు వైపుకూ పాకింది. 1992లో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది.

ఉద్యమాన్ని పుస్తకమే పుట్టించిందని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. సీతమ్మ కథ లేకపోయినా కడుపుమంట ఉండేది. అలాగని చదువును తీసిపారేయడమూ పొరపాటే. విడివిడిగా ఏడ్చే ఆడవాళ్లకు రోజూ ఒకచోట కూర్చునే హక్కును ఆ రాత్రిబడి ఇచ్చింది. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరీ చెప్పిన అక్షరాస్యత ఇదే: మాటను చదవడమంటే ఆ మాట వెనకున్న లోకాన్ని చదవడం. వాచకం అచ్చువేయించిన ప్రభుత్వానికి ఇంత దూరం తెలియదు. సంతకం నేర్పితే చాలనుకుంది. అదే ప్రభుత్వ వ్యవస్థ 1980 దశకంలో ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లను పల్లెపల్లెకూ చేర్చింది. 1991-92 నాటికి ఆబ్కారీ రాబడి 800 కోట్ల రూపాయలు దాటింది. ఒక చేత్తో పలక, ఒక చేత్తో ప్యాకెట్!

2007లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో ప్రజా ఉద్యమాల అధ్యాయంలో దూబగుంటకు చోటు దొరికింది. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో ఆ అధ్యాయాన్ని మొత్తంగా తీసేశారు. ఉండాలా వద్దా అని చదివే పిల్లలను ఎవరూ అడగలేదు.